మానెడు, సోలెడు, గిద్దెడు: ఆటలో చదువు మొదలైన ఒక ఐదేళ్ళ పాప కేస్ స్టడీ

నేను విజయనగరం జిల్లాలో చిన్నపిల్లల ఎదుగుదల, చదువు సమస్యల మీద తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ చేస్తాను. పిల్లల్ని బడి మానిపించి ఇంట్లోనే ఆటల ద్వారా, వాళ్ళ ఆసక్తి వెంట చదువు చెప్పిద్దామనుకునే కుటుంబాలు ఈ మధ్య మా వైపు కూడా కనబడుతున్నాయి. వాళ్ళలో చాలామంది ఒకే చోట తడబడతారు: పాప ఇష్టప్రకారం నడవాలంటే పెద్దవాళ్ళు ఏం చేయాలి, ఎంత చేయాలి? ఈ కుటుంబం ఆ ప్రశ్నతో బాగా కుస్తీ పట్టింది, అందుకే ఈ కేసు రాస్తున్నాను. వాళ్ళ అనుమతి ఉంది. పేర్లు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

మండల కేంద్రానికి దగ్గరలో ఒక పల్లె. వరి, చోళ్ళు (రాగులు) పండించే ఇల్లు. నాయనమ్మ, తాతయ్య, అమ్మ, నాన్న, పాప. నాన్నది రోజూ బస్సెక్కి వెళ్ళి వచ్చే ఉద్యోగం. అమ్మ డిగ్రీ చదివి ఇంట్లో ఉంటోంది. పాప ఒక్కతే సంతానం. మూడేళ్ళు నిండగానే ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో నర్సరీలో వేశారు. నా దగ్గరకు తెచ్చేనాటికి ఐదేళ్ళు దాటి యూకేజీ సగంలో ఉంది.

సమస్య

పొద్దున్న లేస్తూనే కడుపునొప్పి, వ్యాన్ వచ్చే వేళకు వాంతి. ఆదివారాల్లో, పండగ సెలవుల్లో ఏ నొప్పీ లేదు. పెన్సిల్ పట్టుకోమంటే వేళ్ళు నొప్పంటుంది. ఏ నుంచి జెడ్ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది గానీ, మధ్యలో ఒక అక్షరం చూపించి అడిగితే మళ్ళీ మొదటి నుంచి పాడుకుంటూ వస్తే తప్ప చెప్పలేదు. అమ్మను ఎక్కువ భయపెట్టింది వేరే ఉంది. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల, బయటివాళ్ళ ముందు నోరు విప్పడం మానేసింది. ఆ బడిలో తెలుగు మాట్లాడితే మందలిస్తారు. పైగా పాపది మన ఉత్తరాంధ్ర మాట. 'చెప్పు'ని 'సెప్పు' అంటుంది, 'చేప'ని 'సేప' అంటుంది. తోటి పిల్లలు నవ్వారు. ఆపాల్సిన పెద్దవాళ్ళూ నవ్వారని అమ్మ చెప్పింది.

చదువు సంగతి ఎత్తకముందే పిల్లల డాక్టరుకు చూపించమన్నాను. వినికిడి, చూపు, రక్తహీనత, కడుపులో ఏమైనా తేడా ఉందా అన్నీ చూడమన్నాను. బడికి వెళ్ళే రోజే వచ్చే కడుపునొప్పి భయం వల్ల వచ్చిందనే నేనూ అనుకున్నాను. కానీ అలా అనుకుని ముందుకు పోతే, నిజంగా చెవిలోనో కంటిలోనో లోపం ఉన్న పిల్లను ఆటలతో కాలక్షేపం చేయించినట్టవుతుంది. పరీక్షల్లో ఏ లోపమూ కనబడలేదు. మాట గురించి కూడా ఆలోచించాను. ఇంట్లో ధారాళంగా, పెద్ద పెద్ద వాక్యాల్లో మాట్లాడుతోంది, కథ వింటే తిరిగి చెబుతోంది. కాబట్టి మాట రాకపోవడం కాదు, మాట్లాడటానికి జంకడం అనుకున్నాం. బడి మానేశాక కొన్ని నెలలకు కూడా ఆ జంకు తగ్గకపోతే నిపుణుల దగ్గరకు పంపాలని అప్పుడే రాసుకున్నాను.

మానిపించాలా?

అమ్మానాన్నలు అప్పటికే సగం నిర్ణయించుకుని వచ్చారు. తాతయ్య ఒప్పుకోలేదు. "బడి మానిపిస్తే కేసు పెడతారట కదమ్మా" అని ఆయన నన్నే అడిగారు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అది 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు సంబంధించినది. పాపకు ఐదేళ్ళే కాబట్టి ఆ సమయానికి బడికి పంపి తీరాలన్న నిర్బంధం లేదు. ఆరు దాటాక పిల్లను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని సెక్షన్ 10 చెబుతుంది, అయితే తల్లిదండ్రులకు శిక్ష ఏదీ అందులో రాయలేదు. ఆయనకు నేను ఎక్కువగా వివరించింది మరో రెండు సెక్షన్ల గురించి. ఆరేళ్ళు దాటి బడిలో లేని పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని సెక్షన్ 4 అంటుంది. చేర్చుకునేటప్పుడు పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదని సెక్షన్ 13 అంటుంది. తిరిగి వెళ్ళే తలుపు తెరిచే ఉందని తెలిస్తేనే కుటుంబం నింపాదిగా ఆలోచిస్తుంది. లేకపోతే ప్రతి రోజూ టెన్షనే, ఆ టెన్షన్ పిల్ల మీదకే పోతుంది.

వెనకబడుతుందేమో అన్న భయానికి 2020 జాతీయ విద్యావిధానం చూపించాను. 3 నుంచి 8 ఏళ్ళ వరకు అంతా ఒకే పునాది దశ, ఆటే అందులో ప్రధానం అని ప్రభుత్వమే రాసుకుంది. ఆ దశకు పాఠ్యప్రణాళిక చట్రం 2022లో వచ్చింది. తాతయ్య పూర్తిగా నమ్మలేదు గానీ, "ఒక ఏడు చూద్దాం" అన్నారు.

మొదటి ప్రయత్నం

అమ్మ చాలా శ్రద్ధగా మొదలుపెట్టింది. హాల్లో బ్లాక్‌బోర్డు, గోడకు చార్టులు, టైం టేబుల్. తొమ్మిదికి తెలుగు, పదికి ఇంగ్లీషు, పదకొండుకి లెక్కలు. ఫోన్లో దొరికిన వర్క్‌షీట్లు ప్రింటు తీయించి ఫైలు కట్టింది. ఆమెను వెంటనే ఆపమనలేదు. అప్పటిదాకా మాకు తెలియని సంగతి ఒకటుంది: పాప భయం ఆ బడి మీదా, చదువు చెప్పే తీరు మీదా? చోటు మారి తీరు అదే ఉన్నప్పుడు ఏం జరుగుతుందో చూస్తే అది తేలిపోతుంది.

మొదటి రోజులు హుషారుగా గడిచాయి, ఎందుకంటే పక్కన అమ్మ ఉంది. తర్వాత కడుపునొప్పి ఇంట్లోకే వచ్చింది, సరిగ్గా తొమ్మిది గంటలకు. అమ్మ ఏడ్చింది. నాకు మాత్రం అదే కావలసిన సమాచారం. ఐదేళ్ళ చేతికి మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. ఆ చేత్తో గీతల మధ్య అక్షరం దిద్దమనడం, తప్పు రాస్తే చెరిపించడం, ఎదుటివాళ్ళకు ముందే తెలిసిన జవాబు కోసం పదే పదే అడగడం, ఇవన్నీ బడి నుంచి ఇంటికి మారాయంతే. టైం టేబుల్ తీసేయమన్నాను.

రెండో ప్రయత్నం

కొన్ని వారాలు ఏ పాఠమూ వద్దు, పాపను తేరుకోనివ్వండి అన్నాను. బడి వల్ల దెబ్బతిన్న పిల్లకు ఈ విరామం తప్పనిసరి అని నా అభిప్రాయం. అది పనిచేసింది కూడా. కడుపునొప్పి పోయింది, చోడి అంబలి అడిగి తాగుతోందని నాయనమ్మ సంబరపడింది, రాత్రి ఉలిక్కిపడి లేవడం ఆగింది.

అయితే విరామం ముగిశాక కూడా అది అలాగే సాగిపోయింది. పిల్ల ఆసక్తిని బట్టి నడవాలంటే పెద్దవాళ్ళు ఏమీ అనకూడదని అమ్మ అర్థం చేసుకుంది. పాప పక్కన కూర్చోవడానికే భయపడేది, తన వల్ల మళ్ళీ ఏం చెడిపోతుందోనని. వంటపనిలో నాయనమ్మ ఫోన్ ఇచ్చేది. పాప రోజులో ఎక్కువ భాగం వీడియోల ముందే కూర్చుంది. సాయంత్రం నాన్న వచ్చి చూసి కోప్పడేవాడు. "పాప ఎంచుకున్నది ఇదే కదా మేడమ్, మనం కాదనొచ్చా?" అని అమ్మ అడిగింది.

ఇది చాలా న్యాయమైన ప్రశ్న. ఎంచుకోవడానికి ఎదురుగా రెండు మూడు ఉండాలి. ఆ ఇంట్లో పాప చేతికి అందే ఎత్తులో ఫోన్ తప్ప ఏమీ లేదు. బొమ్మలు అద్దాల బీరువాలో ఉన్నాయి. వంటింటి వస్తువులు ముట్టుకోవద్దంటారు, పెరట్లోకి వెళితే పురుగూ పుట్రా అంటారు. పైగా ఫోన్ పిల్లను ఏమీ అడగదు, అలసిపోనివ్వదు, దానితో ఏ ఆటా పోటీ పడలేదు. అలాంటి చోట ఫోన్ పట్టుకోవడాన్ని పాప ఎంపిక అనలేం.

ఫోన్ నిషేధం గురించి పిల్లకు ఉపన్యాసం ఇవ్వలేదు. పొద్దుటి పూట పెద్దవాళ్ళందరి ఫోన్లూ అటక మీద పెట్టాలన్నది నియమం, నాయనమ్మది కూడా. మూడు రోజులు ఏడుపు ఉంటుంది, అప్పుడు లొంగకండి, తిట్టకండి అని ముందే చెప్పి ఉంచాను. ఆ రోజుల్లో పాప చేతికి అందేలా కొన్ని వస్తువులు కింద పెట్టించాను: చింతగింజలు, గవ్వలు, బంకమట్టి, పాత చీర ముక్కలు, కొబ్బరి చిప్పలు, సుద్దముక్కలు, ఒక డబ్బా నూకలు, నాయనమ్మ అటక మీద పడేసిన పాతకాలపు కొలతపాత్రలు గిద్ద, సోల, తవ్వ. కొన్నవి సుద్దముక్కలే. కేంద్రం 2023లో విడుదల చేసిన 'జాదూయీ పిటారా' అనే ఆటవస్తువుల పెట్టె ఉంది, మంచిదే. కానీ పెట్టె కొంటేనే చదువు మొదలవుతుందనే ఆలోచన ఈ ఇంట్లో రాకూడదనుకున్నాను.

పనిచేసింది

అమ్మకు ఒకే పని ఇచ్చాను. రోజూ అరగంట పాప దగ్గర కూర్చుని, పాప ఏం చేసిందో నోటుబుక్కులో రాయాలి. 'బాగా ఆడింది', 'లెక్కలు నేర్చుకుంది' అని రాయకూడదు. చేతులు ఏం చేశాయి, నోరు ఏం అంది, అంతే. ఏమీ చేయకుండా కూర్చోమంటే ఆ తల్లి కూర్చోలేదు, అందుకే చేతికి పెన్ను ఇచ్చాను. ఇంకో కారణం కూడా ఉంది. ఏ పిల్లకు ఏ ఆట పట్టుకుంటుందో నా దగ్గర కూర్చుని చెప్పలేను. చూసినవాళ్ళే చెప్పగలరు.

ఆ నోటుబుక్కులో ఒకే సంగతి పదే పదే కనబడింది. నూకలు పోయడం, వంచడం. గిద్దతో సోలలో పోయడం, పొంగిపోతే చూసి నవ్వడం, మళ్ళీ పోయడం. పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోలేదని బడిలో ఫిర్యాదు ఉన్న పిల్ల, నూకల దగ్గర భోజనం వేళ దాటేదాకా కూర్చుంది. నాయనమ్మ నూకలు పారబోస్తోందని మొదట విసుక్కుంది. తర్వాత ఆవిడే ఆటలోకి దిగింది. "ఓలమ్మా, ఓ తవ్వెడు నూకలెట్టవే, గెంజి కాసుకోవాల" అని వాకిట్లో నిలబడి బేరం మొదలుపెట్టింది. కొట్టు ఆట అలా పుట్టింది. ఎవరూ పథకం వేయలేదు.

కొలతలు ఎలా పనిచేస్తాయో చూడండి. కుంచానికి నాలుగు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు నాలుగు గిద్దలు. రెట్టింపులు, సగాలు, పావులు అన్నీ అందులోనే ఉన్నాయి, చేతికి బరువుగా తగులుతూ ఉన్నాయి. ఒకరోజు నాయనమ్మ సోలెడు అడిగే వేళకు సోల కనబడలేదు. నిజంగానే వంటింట్లో ఉండిపోయింది. పాప కాసేపు చూసి, గిద్దతో నాలుగుసార్లు పోసి ఇచ్చింది. అమ్మ ఆనందం పట్టలేక "అయితే సోలకి ఎన్ని గిద్దలు, చెప్పమ్మా" అంది. పాప ఆట ఆపేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు రాసిన పేజీ మీద మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. నాయనమ్మ కూడా పాపను అడిగింది, అమ్మ కూడా అడిగింది. నాయనమ్మకు నూకలు కావాలి. అమ్మకు జవాబు తెలుసు, పిల్లకు తెలుసో లేదో కావాలి. పిల్ల ఈ తేడా ఒక్క క్షణంలో పట్టేస్తుంది. రెండో రకం ప్రశ్న ఈ పాపకు బడిని గుర్తుచేస్తుంది. కాబట్టి తెలిసిన జవాబు కోసం అడగడం మానేయాలని, ఆటలో నిజంగా ఏదైనా అవసరం పడితేనే అడగాలని నిర్ణయించుకున్నాం. అలాగని పెద్దవాళ్ళు ఊరుకోవాలని కాదు. ఆటకు ఒక చిన్న చిక్కు జతచేయవచ్చు. తర్వాత వారం నాయనమ్మ కావాలనే మూడు సోలలు అడిగింది, కొట్లో తవ్వ ఒకటీ గిద్ద ఒకటీ పెట్టి. పాప ఒక తవ్వ పోసి, తర్వాత గిద్దతో నాలుగుసార్లు పోసింది. పిల్ల దానంతట అది చేరిన చోటుకు ఒక్క అడుగు ముందు ఆ చిక్కును పెట్టాలి. రెండు అడుగులు ముందు పెడితే ఆట చచ్చిపోతుంది.

సంతకు తీసుకెళ్ళినప్పుడు పాప అక్కడ కాటా చూసింది. ఇంటికొచ్చి నాన్నను అడిగింది: "కిలో అంటే ఎన్ని సోలలు?" నాన్న నోట మాట రాలేదు, తనకూ తెలియదు. అదే మంచిదైంది. కర్రకు రెండు కొబ్బరి చిప్పలు కట్టి తక్కెడ చేశాడు. ఒకవైపు గిద్దెడు బియ్యం, ఒకవైపు గిద్దెడు అటుకులు. బియ్యం వైపు కిందకు దిగిపోయింది. కొలత ఒకటే, బరువు వేరు. పాప ఇంట్లో ఉన్నవన్నీ తూచింది. పాఠం చెప్పడం తనకు చేతకాదనుకున్న నాన్న అప్పటి నుంచి పాప ఆటలో ఒక మనిషి అయ్యాడు. ఎండాకాలంలో ముంజకాయల బండి చేసిచ్చిందీ ఆయనే.

వామనగుంటలు తాతయ్య నేర్పారు. ఏడేసి గుంటలు రెండు వరుసలు, ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసుకుంటూ పోవడం. పిల్లలు నోటితో పది దాకా గబగబా లెక్కిస్తారు గానీ, ఒక అంకెకు ఒక వస్తువు అని వేలు ఆనించి లెక్కించడం వేరే పని. ఈ ఆట దాన్ని బలవంతం లేకుండా చేయిస్తుంది.

అక్షరాల సంగతి

కొట్లో డబ్బాలు ఎక్కువయ్యాయి, ఏది ఏదో తెలియడం లేదు. పాపే అమ్మతో "దీని మీద నూకలు అని రాయి" అంది. అక్షరమాల వరుసలో 'అ' దగ్గర మొదలుపెట్టలేదని అమ్మకు బెంగ. నేను వరుస పట్టించుకోవద్దన్నాను, ఎందుకంటే ఈ పాపకు వరుస అంటేనే అప్పజెప్పడం. నూకలులో ఉన్న 'క', కందిపప్పులోనూ ఉందని తనే కనిపెట్టింది. ప, వ, మ, ష కలగలిసిపోయాయి, చాలా రోజులు. ఆ అక్షరాలు అసలే దగ్గరి పోలికలవి. సరిదిద్దలేదు. ఒక డబ్బా మీద పప్పు, పక్క డబ్బా మీద మినుములు అని ఉంటే తప్పు చదివిన రోజు తప్పు సరుకు చేతికి వస్తుంది, తనే తెలుసుకుంటుంది.

అసలు చర్చ 'సేప' దగ్గర వచ్చింది. మట్టితో చేప చేసి, దాని కింద సుద్దతో 'సేప' అని రాసింది. తాతయ్య సరిదిద్దమన్నారు. అమ్మకూ అదే అనిపించింది. నేను వద్దన్నాను. విన్న ధ్వనికి సరైన అక్షరం వెతికి పెట్టడమే చదువుకు పునాది, పాప తన చెవికి వినబడిన 'స' పెట్టింది. ఇప్పుడు తప్పు అంటే, తప్పు అక్షరంలో లేదని, తన ఇంటి మాటలో ఉందని అర్థం చేసుకుంటుంది. బడిలో నోరు మూతపడింది సరిగ్గా అక్కడే. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర గిరిజన పిల్లలకు సవర భాషలోనే పాఠాలు తయారుచేసి చదువు చెప్పించారని తాతయ్యకు గుర్తుచేశాను. ఆయనకు గిడుగు అంటే గౌరవం, ఆ మాట ఆయన మీద పనిచేసింది. ఇంట్లో మాట ఇంట్లోలాగే సాగింది. రాత్రిళ్ళు అమ్మ బొమ్మల పుస్తకం చదివేటప్పుడు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే 'చేప' అని చదివేది. కొన్ని నెలలకు పాప తనే అడిగింది, "బుక్కులో వేరేగా ఉందేటి?" అప్పుడు చెప్పింది అమ్మ: మనం ఇలా అంటాం, పుస్తకంలో ఇలా రాస్తారు. రెండూ నిలిచాయి.

చేతి బలం కోసం పెన్సిల్ జోలికి పోలేదు. నాయనమ్మతో కలిసి ముగ్గు వేసింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు కలిపి పిండి జార్చడం పెన్సిల్ పట్టుకు దగ్గరి పని. మట్టి పిసకడం, చిక్కుళ్ళు ఒలవడం, పూలు గుచ్చడం కూడా.

పనిచేయనివి

తోటి పిల్లల లోటు ఈ పద్ధతి తీర్చలేదు. వీధిలో పిల్లలు సాయంత్రం దాకా బడిలో, ఆ తర్వాత ట్యూషన్‌లో ఉంటారు. పెద్దవాళ్ళతో కొట్టు ఆట ఎంత బాగున్నా, పెద్దవాళ్ళు ఓడిపోవడానికి సిద్ధంగా ఉంటారు. వంతు కోసం కొట్లాడటం, అలిగి తిరిగి కలవడం సమవయస్కులతోనే వస్తుంది. ఊళ్ళో అంగన్‌వాడీకి కొన్ని పూటలు పంపాం, చదువు కోసం కాదు, పిల్లల కోసం. మొదట అమ్మ గుమ్మంలో కూర్చునేది. అక్కడి కార్యకర్త పాప మాటల్లోనే మాట్లాడే మనిషి కావడం అదృష్టం. కొత్తవాళ్ళ ముందు పాప నోరు విప్పింది అక్కడే. అయినా వారానికి కొన్ని పూటలు సరిపోవు, ఈ లోటు ఇప్పటికీ ఉంది.

చుట్టాల ప్రశ్నలు మరో బాధ. పెళ్ళికి వెళితే "ఏ క్లాసే నువ్వు?" అంటారు. తాతయ్య నెలకొకసారి పరీక్ష పెడదామన్నారు. ఆయన భయాన్ని కొట్టిపారేయలేం, ఆ భయం ఎలాగూ పిల్లకు చేరుతుంది. పరీక్షకు బదులు నెలకొకసారి అమ్మ నోటుబుక్కు ఆయన చదివేలా ఏర్పాటు చేశాం. రాత్రి కథ బాధ్యత ఆయనకే ఇచ్చాం. వకీలు పని వదిలి 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో బాలమందిర్ అనే చిన్నపిల్లల బడి మొదలుపెట్టిన గిజూభాయి బధేకా చిన్నపిల్లల చదువులో కథకు పెద్దపీట వేశారు. తాతయ్య బొబ్బిలి కథ చెబుతుంటే పాప పక్కన మట్టితో కోట కడుతుందట.

ఈ దారి ఎవరికి?

పగలు ఇంట్లో ఉండే పెద్దవాళ్ళు, ఓపికున్న నాయనమ్మ, కదలడానికి వాకిలి, ఇవన్నీ ఈ కుటుంబానికి ఉన్నాయి. ఇద్దరూ కూలికి వెళ్ళే ఇల్లయినా, ఒంటరి తల్లి అయినా నేను ఈ సలహా ఇచ్చేదాన్ని కాదు. భయపెట్టని బడినో, మంచి అంగన్‌వాడీనో వెతకడానికి సాయం చేసేదాన్ని. బడి మానిపించడమే గొప్ప అని నేను అనుకోను. ఈ పాపకు ఆ సమయంలో అది అవసరమైంది.

ఇలాంటి కేసు మళ్ళీ వస్తే, విరామానికి ముందే వస్తువులు కింద పెట్టిస్తాను, నోటుబుక్కు మొదటి రోజు నుంచే రాయిస్తాను. విరామం ఖాళీగా ఉండాల్సిన అవసరం లేదు, పాఠం లేకపోతే చాలు.

ఇప్పటి పరిస్థితి

పాపకు ఆరు దాటింది. డబ్బాల మీద మాటలు, బస్సు బోర్డులు, బొమ్మల పుస్తకాల్లో చిన్న వాక్యాలు చదువుతోంది, ఒత్తుల దగ్గర ఆగుతోంది. చేతి లెక్కలో ఆమె వయసుకు నాకే బెంగా లేదు. రాయడం మాత్రం నెమ్మది. పేరు, నాలుగైదు మాటలు సుద్దతో రాస్తుంది, పెన్సిల్ ఇంకా ఇష్టపడదు. ఇంగ్లీషు వినడమే, అంతకుమించి లేదు. ఈ రెండూ తాతయ్యకు చెప్పాం, దాచలేదు.

ఒకటో తరగతి నిర్ణయం మిగిలి ఉంది. సార్వత్రిక విద్యాసంస్థ ఎన్‌ఐఓఎస్ వాళ్ళ ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో మొదటి మెట్టు 'ఏ' లెవెల్ మూడో తరగతికి సమానం, కాబట్టి ఇంట్లోనే కొనసాగినా ఇప్పుడు ఏ పరీక్షకూ తొందర లేదు. అయినా తోటి పిల్లల లోటు చూసి, నేను ఊరి ప్రభుత్వ ప్రాథమిక బడి వైపే మొగ్గు చూపుతున్నాను. అక్కడ తెలుగు మాట్లాడితే ఎవరూ ఏమీ అనరు, ఇంటికి నడిచి వచ్చేంత దూరం. జూన్‌లో బడి తెరిచాక హెడ్మాస్టరు గారిని అడిగి, పాప అమ్మతో కలిసి కొన్ని పూటలు అక్కడ కూర్చుంటుంది. ఆ రోజుల్లో పొద్దున్న లేవగానే పాప ఏం అంటుందో రాసి ఉంచమని అమ్మకు చెప్పాను. దాన్ని చూశాకే చేర్పించే మాట మాట్లాడుకుంటాం.